వినపడని గట్టిమేళం

ఫిబ్రవరి ఒకటో తేదీ నుంచి మా ప్రభుత్వ సంగీత పాఠశాలలో శబ్దం రద్దయింది.

నేను అక్కడ డోలు మాస్టారిని. ఇరవై ఆరేళ్లుగా డోలు నేర్పుతున్నాను. శబ్దం తీసేస్తే డోలులో ఏం మిగులుతుందని ఆలోచించి చూశాను. చెక్క, తోలు మిగులుతాయి.

దీనికి కారణం మా సంచాలకులవారు. ఆయన అంతకుముందు చేపల శాఖలో పనిచేశారు. సంగీతానికి బదిలీ అయి వచ్చిన మూడో నెలలో ఆయన్ని ఒక చల్లటి కొండ ఊరికి శిక్షణకు పంపించారు. కళాకారుల మనస్తత్వం, ఫలవంతమైన సాధన అన్నది విషయం. శిక్షణ మూడు రోజులు. రెండో రోజు పడవ షికారు, మూడో రోజు ఫొటోలు. మొదటి రోజు విన్నది మాత్రం ఆయన మరిచిపోలేదు. వాద్యం ముట్టుకోకుండా, కళ్లు మూసుకుని మనసులో సాధన చేసినా మనిషి మెరుగుపడతాడని అక్కడెవరో చెప్పారట.

అది తప్పేం కాదు. మా గురువు కూడా వాయించే ముందు ఒకసారి మనసులో వాయించుకోమనేవాడు. ఆ తర్వాత వాయించమనేవాడు. సంచాలకులవారు మొదటి సగం తీసుకుని బండెక్కారు.

వచ్చిన మర్నాడే సమావేశం పెట్టారు.

"మిత్రులారా, వాద్యంతో సాధన చేసినప్పుడు తప్పులు సంభవిస్తున్నాయా, లేదా?"

"సంభవిస్తున్నాయండీ" అన్నారు మా ప్రిన్సిపాల్ విశ్వపతి గారు. ఆయన వీణ విద్వాంసులు. పైవాళ్లు ప్రశ్నలో వాడిన క్రియనే జవాబులో వాడటం ఆయన పద్ధతి.

"మనసులో చేసినప్పుడు?"

"సంభవించవండీ."

"కావున తప్పులకు మూలకారణం వాద్యమని తేటతెల్లమైనది. మూలకారణాన్ని తొలగించుట శాఖ బాధ్యత."

నేను లేచాను. "అయ్యా, డోలు మనసులో వాయిస్తే చేతికెట్టా తెలుస్తదండీ?"

"చెయ్యిని నడిపేది ఏది మాస్టారూ?"

"భుజమండీ."

"భుజాన్ని?"

నేను భుజం తడుముకున్నాను.

"మెదడు. పై అధికారికి తెలియజేస్తే చాలు. కింది సిబ్బందికి ఆదేశాలు వాటంతట అవే చేరతాయి."

"మన ఆఫీసులో అట్టా చేరతన్నాయాండీ?" అన్నాను.

విశ్వపతి గారు నా చొక్కా అంచు పట్టుకుని కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రానికి వీణలు, వయొలిన్లు, మృదంగాలు, నాదస్వరాలు, నా డోళ్లు అన్నీ బీరువాల్లోకి, బీరువాల్లో పట్టనివి స్టోర్ గదిలోకి పోయాయి. తాళాల మీద లక్క ముద్రలు వేశారు. విద్యార్థులకు తలా ఒక ఊహా సాధన పుస్తకం ఇచ్చారు. రోజూ ఎన్ని గంటలు ఊహించారో, ఎన్ని తప్పులు ఊహలోకి వచ్చాయో రాసి సంతకం చేయాలి.

మా ఆవిడ పోయి ఏడేళ్లయింది. ఈ ఏడేళ్లూ ఆమెతో మనసులో రోజూ మాట్లాడుతూనే ఉన్నాను. ఒక్కనాడు కాఫీ రాలేదు. ఊహా సాధన గురించి నాకు తెలిసింది ఇంతే. కానీ నన్నెవరూ అడగలేదు.

నెల తిరిగేసరికి పాఠశాల బాగా వృద్ధిలోకి వచ్చింది. విద్యార్థులు పొద్దున్నే వచ్చి చాపల మీద కూర్చుని కళ్లు మూసుకునేవారు. కొందరు గురక పెట్టేవారు. గురకను 'గాఢ సాధన' కింద నమోదు చేయమని విశ్వపతి గారు చెప్పారు. నాట్యం పిల్లలు గోడకానుకుని కూర్చుని నాట్యం చేసేవారు. మృదంగం కుర్రాడొకడు పదిరోజులు రాలేదు. మనసులో వచ్చానని ఉత్తరం రాశాడు. హాజరు వేయక తప్పలేదు. పక్కనున్న సబ్ రిజిస్ట్రార్ ఆఫీసువాళ్లు కృతజ్ఞతలు తెలుపుతూ లేఖ పంపారు. దానికి అద్దం కట్టించి వరండాలో తగిలించారు.

విశ్వపతి గారు మొదట భయంతో నటించారు. తర్వాత అలవాటైంది. మార్చి నెలాఖరుకు నిజంగా వినపడటం మొదలైంది. ఒకరోజు వయొలిన్ తరగతిలో నిలబడి, చెయ్యి చెవికి ఆనించి, "మూడో వరసలో అమ్మాయీ, శ్రుతి అరపిసరు తగ్గింది" అన్నారు. ఆ అమ్మాయి కళ్లు తెరవకుండానే సర్దుకుంది. "ఇప్పుడు సరిపోయింది" అన్నారాయన.

ఏప్రిల్లో గాత్రం పిల్లవాడు ఫిర్యాదు చేశాడు. పక్కనున్న వేణువు పిల్లవాడు మరీ గట్టిగా ఊహించుకుంటున్నాడట. విచారణ జరిగింది. ఇద్దరి మధ్యా చెక్క అడ్డం కట్టించారు.

ఆ నెలలోనే సభాకంపం మీద కూడా పడ్డారు. కళాకారుడికి వేదిక మీద బెదురు పుడుతుంది. దానికి కారణమేమిటని సంచాలకులవారు విచారించి, ఎదురుగా కూర్చున్న జనమని తేల్చారు. వార్షిక కచేరీకి జనాన్ని రానివ్వలేదు. గేటుకు తాళం వేసి, ఖాళీ కుర్చీల ముందు శబ్దం లేకుండా మూడు గంటల కచేరీ జరిపించారు. ఒక్క కళాకారుడికి కూడా బెదురు కలగలేదు. 'సభ ఆద్యంతం ప్రశాంతంగా సాగినది' అని పత్రికలకు ప్రకటన వెళ్లింది.

ఇక నాగూర్ వలీ సంగతి చెప్పాలి.

షేక్ నాగూర్ వలీ నాదస్వరం డిప్లొమా ఆఖరి సంవత్సరం. వయసు ఇరవై ఏడు. తాత, తండ్రి నాదస్వరమే. వాళ్ల కాలంలో పెళ్లంటే నాదస్వరం. ఇప్పుడు పెళ్లంటే నాలుగు పెట్టెల డీజే. వలీ నెలకు రెండు పెళ్లిళ్లకు వాయిస్తాడు, మిగతా రోజులు మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. మా పాఠశాలలో నాదస్వరం మాస్టారి ఉద్యోగం రెండేళ్లుగా ఖాళీ. దానికి డిప్లొమా ఉండాలి. దరఖాస్తుకు ఆఖరి తేదీ ఆగస్టు ముప్పై. వలీకి బస్తా దిగాలంటే ఆ కాగితం చేతికి రావాలి.

వలీకి ఒక జబ్బుంది. పెళ్లిళ్లలో మేళం వెనక వరసలో నెట్టుకొస్తాడు గానీ, నలుగురి ముందు ఒంటరిగా నిలబడితే నోరు ఎండిపోతుంది. నాదస్వరానికి కొసన రెల్లుతో చేసిన పీక ఉంటుంది. అది నోటి తడికి నానాలి. నోరు ఎండితే పీక పలకదు.

మేలో పరీక్ష పెట్టారు. ఒక్కొక్కరూ పరీక్షకుల ముందు కూర్చుని, కళ్లు మూసుకుని, అరగంట రాగం ఊహించుకుని, చివర్లో ఒక పత్రం నింపాలి. 'మీ ఊహలో దొర్లిన తప్పులు' అని అందులో ఒక గడి. అందరూ 'లేవు' అని రాశారు. అందరికీ మొదటి తరగతి. నా డోలు విద్యార్థి ఒకడు పరీక్షలో నిద్రపోయి కింద పడ్డాడు. వాడికి విశిష్ట శ్రేణి.

వలీ మాత్రం 'మూడు' అని రాశాడు.

పరీక్షకులు ముగ్గురూ చర్చించుకున్నారు. "అవును, పంచమం దగ్గర తడబాటు మేమూ గమనించాం" అన్నారు. విశ్వపతి గారైతే నాలుగు విన్నారట. వలీ తప్పాడు.

బయటికొచ్చాక అడిగాను. "ఏందిరా, లేవని రాస్తే నీ సొమ్మేం పోయింది?"

"మనసులో తప్పొచ్చింది మాస్టారూ. రాలేదని ఎట్టా రాసేది?"

"అందరూ రాయలా?"

"మా తాత పీక మీద ప్రమాణం చేయించుకున్నాడు. వాయించనిది వాయించానని చెప్పకూడదన్నాడు."

"మీ తాతకి ఉద్యోగం అక్కర్లా. నీకు కావాల."

"అది నిజమే మాస్టారూ" అన్నాడు. అయినా మార్చలేదు. నాకు కోపం వచ్చింది. అప్పటినుంచే వాడి మీద నమ్మకం కూడా కుదిరింది.

తప్పినవాళ్లకు మరో అవకాశం ఆగస్టులో అన్నారు. పరీక్ష ఎక్కడో, ఎలాగో తర్వాత చెబుతామన్నారు.

వలీకి సొంత నాదస్వరం ఉంది. నా ఇంట్లో పాత డోలు ఉంది. ఊళ్లో వాయిస్తే పాఠశాలకు కబురు పోతుంది. ఊరి బయట కంకర మిల్లు ఉంది. అక్కడ రాళ్లు పిండి అవుతుంటే పక్కవాడు అరిచినా వినపడదు. మేం రోజూ పొద్దున ఆరింటికి అక్కడికి పోయేవాళ్లం.

"ఏం వాయించమంటారు మాస్టారూ?"

"తప్పొచ్చిన చోటు వాయించు."

"మొదటినుంచా?"

"మొదలు నీకు వచ్చుగా. వచ్చిందాన్నే వాయించుకుని మురవబాక. పంచమం దగ్గర రెండు ముక్కలు తీసుకో. నిదానంగా, నలభై సార్లు. ముప్పై తొమ్మిదోసారి తప్పితే మళ్లీ ఒకటి."

వాడు మూడు రోజులు ఆ రెండు ముక్కలే వాయించాడు. ఆ హోరులో నేను వాడి వేళ్లు చూసి తప్పు పట్టేవాణ్ణి. నాలుగో రోజు తప్పలేదు. నేను శభాష్ అనలేదు. తర్వాతి ముక్క చెప్పాను.

ఎనిమిదింటికి టీ కోసం మిల్లు ఆపుతారు. కూలీలు ఇరవైమంది వచ్చి కూర్చునేవాళ్లు. అప్పుడు వాయించమనేవాణ్ణి. మొదటిరోజు వలీ నోరు ఎండి, పీకలోంచి గాలి తప్ప ఏం రాలేదు.

"ఏందన్నా, పొయ్యి ఊదతన్నావా?" అంది ఒకావిడ.

"కాదు లేవే, గేదెను తోలతన్నాడు" అంది రమణమ్మ. అక్కడి ఆడకూలీలకు ఆమె పెద్ద.

వలీ ముఖం నల్లబడింది. "మాస్టారూ, రేపు మిల్లు ఆపకముందే పోదాం."

"రేపు కూడా ఇదే టైము."

అప్పుడే నాకు మా పాత పద్ధతి ఒకటి గుర్తొచ్చింది. గిట్టనివాళ్లు నాదస్వరం వాయించేవాడి ఎదురుగా కూర్చుని చింతకాయ కొరుకుతారు. చూసినవాడికి నోట్లో నీళ్లూరి పీక మునుగుతుంది, మేళం చెడుతుంది. మా నాన్న కాలంలో దీని మీద తలలు పగిలాయి. వలీకి కావలసింది ఆ నీళ్లే. మర్నాడు జేబులో చింతకాయ పెట్టుకుపోయాను. కూలీలు కూర్చున్నారు. వలీ నోరు ఎండింది. వాడి కళ్లలోకి చూస్తూ కొరికాను. నా పళ్లు జివ్వుమన్నాయి. వాడి గొంతు గుటకేసింది. పీక పలికింది.

జులై చివర్లో ఒకరోజు మిల్లు మళ్లీ మొదలయ్యే గంట కొట్టినా ఎవరూ లేవలేదు. "ఇయ్యాల బాగుందన్నా, ఇంకోసారి ఊదు" అంది రమణమ్మ. వలీకి వచ్చిన మొదటి తరగతి అదే.

ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది. సంచాలకులవారి అమ్మాయి పెళ్లి ఇరవై ఎనిమిదో తేదీ, పగలు పది గంటల నలభై రెండు నిమిషాలకు. ఆ పెళ్లిలో మా విద్యార్థులు రాష్ట్రంలోనే తొలి ఊహామేళం సమర్పించాలి. వలీ కూడా అందులో కూర్చోవాలి, అదే అతని మరో అవకాశం. వాద్యాలు అలంకారం కోసం తీసుకురావచ్చు. ప్రిన్సిపాల్ మార్కుల రిజిస్టరుతో హాజరు కావాలి. పత్రికలవాళ్లను పిలిచారు.

పెళ్లి చూశారు కదా మీరంతా. తాళి కట్టే క్షణంలో పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అంటాడు. మేళగాళ్లు ఉన్న బలమంతా పెట్టి ఒక్కసారిగా వాయిస్తారు. ఆ క్షణంలో తుమ్మో, ఏడుపో, చెడ్డమాటో చెవిన పడకూడదని పెద్దలు పెట్టిన ఏర్పాటు అది. చేపల శాఖలో ఇది చెప్పరు.

మంటపంలో ఆరుగురు నాదస్వరాలు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. చివర వలీ, పక్కన డోలుతో నేను. ఫ్యాన్ల చప్పుడు, వంటశాలలో గరిటెల చప్పుడు వినపడుతున్నాయి. పెళ్లికొడుకు తండ్రి సుబ్బరామయ్య గారు కందుకూరు వైపు పొగాకు వ్యాపారి. ఆయన మూడుసార్లు వచ్చి మమ్మల్ని చూసి పోయాడు.

"బావగారూ, మీ మేళగాళ్లకు ఒంట్లో బాగాలేదా?"

"లేదు బావగారూ. గంటనుంచి వాయిస్తూనే ఉన్నారు" అన్నారు సంచాలకులవారు.

సుబ్బరామయ్య గారు చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు.

ముహూర్తం వచ్చింది. పెళ్లికొడుకు తాళి అందుకున్నాడు. పురోహితుడు చెయ్యెత్తి, "గట్టిమేళం, గట్టిమేళం" అన్నాడు.

ఆరుగురూ కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నారు. విశ్వపతి గారు తన్మయంగా తల ఊపారు.

ఆ నిశ్శబ్దంలో పెళ్లికొడుకు నాయనమ్మ తుమ్మింది. ఆమెకు పొడుం అలవాటు. మంటపం ఆ చివరి దాకా వినపడింది.

పెళ్లికొడుకు చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"మేళం ఏదయ్యా?" అన్నాడు సుబ్బరామయ్య గారు.

"మోగుతున్నది బావగారూ. మీకు వినపడటం లేదు, అంతే. ఇది ఆధునిక పద్ధతి."

"అట్టనా. అయితే మావాడు తాళి కూడా కట్టేశాడు. మీకు కనపడటంలా. పదండ్రా, భోజనాలకి పోదాం."

మగపెళ్లివారు నిజంగానే లేచారు. పెళ్లికూతురు తలెత్తి తండ్రి వైపు చూసింది. ఆ చూపు గురించి ఏ శిక్షణలోనూ చెప్పి ఉండరు.

"ముహూర్తం ఇంకా ఆరు నిమిషాలుంది. ఇప్పటికీ కట్టించొచ్చు. మేళం మోగితేనే" అన్నాడు పురోహితుడు.

సంచాలకులవారు మా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. "వాయించండి."

"వాయిస్తున్నామండీ" అన్నాడు మొదటి తరగతివాడు.

"అలా కాదయ్యా, శబ్దంతో."

వాళ్లు ఎత్తారు. ఏడు నెలలు బీరువాలో ఉన్న పీకలు. మొదటివాడిది ఈల వేసింది. రెండోవాడిది దూడలా అరిచింది. మూడోవాడిది పీక చీలి రెండైంది. "మనసులో బానే వస్తందండీ" అన్నాడు వాడు, ముక్కలు చూపిస్తూ.

"వలీ, నువ్వు వాయించవయ్యా" అన్నారు సంచాలకులవారు.

వలీ నాదస్వరం ఎత్తబోయాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని కిందికి దించాను.

"వీడు పరీక్ష తప్పినవాడండీ. తప్పినవాడు వాయిస్తే మీ శాఖకు మాటొస్తది."

"పాస్ చేశాను."

"ఎక్కడ?"

"మనసులో పాస్ చేశానయ్యా. ముందు వాయించమను."

"పెన్నుతో అయ్యా" అన్నాను.

"కోటిలింగం మాస్టారూ, ఇది నా కూతురి పెళ్లి."

"ఇది వాడి డిప్లొమా."

"నాలుగు నిమిషాలు" అన్నాడు పురోహితుడు.

విశ్వపతి గారి సంచిలోంచి రిజిస్టరు నేనే తీశాను. పేజీ నేనే తిప్పాను. సంచాలకులవారు వలీ పేరు ఎదుట 'ఉత్తీర్ణుడు, మొదటి తరగతి' అని రాసి సంతకం చేశారు. ఆ సంతకం వంకర పోయింది. జనం ముందు సంతకం చేయడం ఆయనకు అలవాటు లేదు. విశ్వపతి గారు కింద సాక్షి సంతకం చేస్తూ, "కానీ మాస్టారూ, ఊహలో కూడా చాలా బాగా వాయించాడు" అన్నారు.

వలీ పీక నోట్లో పెట్టుకున్నాడు. వెయ్యిమంది చూస్తున్నారు. వాడు నా వైపు తిరిగాడు. నోరు ఎండింది.

జేబులోంచి చింతకాయ తీశాను. కొరికాను.

"వీడెవడయ్యా, పిల్ల పెళ్లి ఆగిపోతుంటే చింతకాయ తింటన్నాడు?" అన్నాడు సుబ్బరామయ్య గారు.

వలీ గుటకేశాడు. పురోహితుడు చెయ్యెత్తాడు. వలీ ఊదాడు, నేను డోలు మీద పడ్డాను. మూడు నెలలు కంకర మిల్లుతో పోటీపడిన మేళం అది. ఫ్యాన్ల చప్పుడు పోయింది, గరిటెల చప్పుడు పోయింది. నాయనమ్మ మళ్లీ తుమ్మింది. ఆమె నోరు తెరవడం కనపడింది, ఏమీ వినపడలేదు. తాళి పడింది. పంచమం దగ్గర వలీ తప్పలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం వలీ దరఖాస్తు పెట్టాడు. డిసెంబర్లో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు వాడు పాఠం పాఠశాలలో చెబుతాడు, సాధన మిల్లులో చేయిస్తాడు. విద్యార్థులు బాగా వాయిస్తున్నారా లేదా అన్నది రమణమ్మ చెబుతుంది. ఆమె పత్రం నింపమనదు.

శబ్దం రద్దు ఇంకా అమల్లోనే ఉంది. వలీ అంత బాగా వాయించడానికి ఏడు నెలల ఊహా సాధనే కారణమని సంచాలకులవారు పైకి నివేదిక పంపారు. ఆయన్ని ఇంకో శిక్షణకు పిలిచారు, ఈసారి మాట్లాడటానికి.

నాకు మాత్రం మెమో వచ్చింది. 'బహిరంగ వేదికపై శబ్దోత్పత్తికి పాల్పడినందుకును, పై అధికారిచే ఒత్తిడి ద్వారా సంతకం చేయించినందుకును, విధి నిర్వహణలో చింతకాయ భుజించినందుకును మూడు దినములలోగా సంజాయిషీ సమర్పించవలెను.'

నేను ఇంట్లో గోడకానుకుని కూర్చుని, కళ్లు మూసుకుని, సంజాయిషీ మనసులో సమర్పించాను. కాగితం ముట్టుకోలేదు.

వారం తర్వాత విశ్వపతి గారి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. 'మీ సంజాయిషీ అందినది. మొదటి పేరా సంతృప్తికరముగా ఉన్నది. రెండవ పేరాలో సంచాలకులవారిని గురించి వాడిన భాష మర్యాదగా లేదు. సవరించి తిరిగి సమర్పించగలరు.'

ఆ కాగితం రెండుసార్లు చదివాను. ఆయనకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. రెండో పేరాలో నేను మర్యాదగా లేను.

సవరించలేదు.